మా కొట్లో గుమస్తా

"ఇయ్యాల గల్లా కాడికి పోబాక" అంది మా అత్త పుల్లమ్మ.

నేను అప్పుడు ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు. ఆమె నా నడక చూసి కనిపెడుతుందో, మొహం చూసి కనిపెడుతుందో, ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. "సరే అత్తయ్యా" అన్నాను. తరగడం మాత్రం ఆపలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఆ మూడు రోజులూ పొయ్యికి మైల లేదు. ఒకప్పుడు ఉండేదట. అప్పుడు ఇంట్లో వండే ఆడవాళ్ళు నలుగురైదుగురు. ఒకరు దూరం కూర్చుంటే ఇంకొకరు వండేవాళ్ళు. ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకని పొయ్యికి మైల పోయింది, అంట్లకి పోయింది, బట్టలకి పోయింది. దేవుడి గూటికీ గల్లాపెట్టెకీ మాత్రం మిగిలింది.

గురజాలలో మాది విత్తనాల కొట్టు. ఎరువులూ పురుగుమందులూ కూడా అమ్ముతాం. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండిటికీ మధ్యన కిటికీ లేని ఒక గది. మా మామగారి కాలంలో అందులో ఖాళీ గోతాలు వేసేవాళ్ళు. ఇప్పుడు కంప్యూటరు ఉంది, నేనున్నాను. పొద్దున వంటయ్యాక ఆ గదిలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నాలప్పుడు లేస్తాను, మళ్ళీ కూర్చుంటే దీపాలప్పుడు లేస్తాను. వచ్చిన సరుకు, పోయిన సరుకు, కంపెనీకి తిప్పి పంపిన సరుకు, ఎరువుకి ఒక పన్ను, పురుగుమందుకి ఒక పన్ను, విత్తనానికి అసలు లేదు, అన్నీ ఆ గదిలోనే తేలుతాయి. గల్లాలో పడిన ప్రతి నోటూ నా వేళ్ళ కింద అంకెగా మారిన తర్వాతే లెక్కలోకి వస్తుంది. ఆ మూడు రోజులూ నోటు ముట్టుకోకూడదు, అంకె ముట్టుకోవచ్చు. కంప్యూటరుకి మైల ఉందని ఏ పంచాంగంలోనూ రాయలేదు కాబోలు.

గల్లా దగ్గరి కుర్చీ మా మామగారిది. టేకు కుర్చీ. చేతులు నున్నగా అరిగిపోయి ఉంటాయి. ఆయన పోయాక మా ఆయన నరసింహారావుది అయింది. మామూలు రోజుల్లో మా ఆయన భోజనానికి లోపలికి వెళితే నేను వచ్చి అందులో కూర్చుంటాను. అయితే ఎవరైనా రైతు మెట్టెక్కితే లేచి నిలబడాలి. అలా లేవమని నాతో ఎవరూ అనలేదు. కొత్తలో ఎవరో పెద్దాయన వస్తే గౌరవానికి లేచాను. తర్వాత ఒకసారి లేవకపోతే మా అత్త గుమ్మంలోంచి దగ్గింది. అంతే. అప్పటినుంచి మెట్టు మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నా మోకాళ్ళు వాటంతట అవే లేస్తాయి.

మా అమ్మాయి వెన్నెల ఇంటరు ఎంఈసీ పాసయింది. లెక్కలు, ఎకనామిక్సు, కామర్సు. డిగ్రీకి ఆన్‌లైన్లో కాలేజీలూ మేజరు సబ్జెక్టూ వరసగా పెట్టుకోవాలి. గడువు ఎల్లుండితో ఆఖరు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన పెరుగు కలుపుకుంటూ ఆ మాట ఎత్తాడు.

"ఏం పెడతన్నావే మేజరు?"

"ఎకనామిక్సు నాన్నా. మైనరు స్టాటిస్టిక్సు. గుంటూర్లో."

"అదేంది? ఫైనాన్స్‌లో ఉజ్జోగం చేస్తానని గదా నువ్వన్నది. ఫైనాన్స్ అంటే కామర్సు. ఎకనామిక్సు చదివితే పంతులమ్మవి అవుతావు."

"పంతులమ్మే అవ్వాలని ఏం లేదు. మా ఇంటరు కాలేజీలో హెప్సిబా మేడం చెప్పారు. మిర్చి ధర ఎప్పుడు లేస్తదో ఎప్పుడు పడిపోద్దో లెక్క కట్టేవాళ్ళుంటారంట. బ్యాంకుల్లో, పంటల బీమా కంపెనీల్లో. మనోళ్ళు ఏసీ గోడౌన్లలో బస్తాలు దాచుకుని నెలల తరబడి ఆకాశంలోకి చూస్తంటారు గదా. వాళ్ళకి చెప్పే పని నాన్నా అది."

"మిర్చి ధర దేవుడికే తెలవదు, హెప్సిబా మేడానికి తెలిసిద్దా?" మా ఆయన నవ్వాడు. కోపిష్టి కాదు ఆయన. కోపం ఉంటే బాగుండేదేమోనని నాకప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఏదైనా నవ్వుతూనే తేల్చేస్తాడు. "ఇదిగో చూడు. బీకాం కంప్యూటర్స్ పెట్టు. ఈడే కాలేజీ. పొద్దున పోతావు, మధ్యానానికి ఇంటికొస్తావు. సాయంత్రం మీ అమ్మ పక్కన కూర్చుంటే మూడేళ్ళలో పని మొత్తం చేతికొచ్చిద్ది. ఇంతకన్నా ఫైనాన్స్ యాడుందే?"

"గుంటూరంట గుంటూరు. హాస్టల్లో ఆ నీళ్ళ సాంబారు తాగి ఎండిపోటానికా" అంది మా అత్త.

వెన్నెల నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు బీకాం గదా."

నేను పప్పు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పప్పు వేడిగానే ఉంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. పొయ్యి ముందు నిలబడి, గోడ వైపు చూస్తూ, గట్టిగా అన్నాను. "నరసరావుపేటలో ఆడిటర్ గారున్నారుగా. ఆయన్ని అడుగుదాం. ఆయన చెప్పింది పెడదాం."

అది తప్పించుకోవడమని నాకు తెలుసు. పిల్లకీ తెలిసే ఉంటుంది. కానీ పిల్లకి తెలియనిది ఇంకొకటి ఉంది. దాన్ని బీకాంలో పెట్టమని మా ఆయన అన్నప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ కిటికీ లేని గదిలో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఎక్కడ పడుతుందో నేను ఎప్పుడో చూసి పెట్టుకున్నాను. బీరువా కాస్త జరిపితే పడుతుంది. సాయంత్రం పూట కూతురు పక్కనుంటే, నేను అంకెలు చదువుతుంటే అది టైపు కొడుతుంటే, మధ్యలో లేచి కాఫీ కలుపుకుని ఇద్దరం తాగితే. ఎన్నాళ్ళుగానో ఆ గదిలో నాతో మాట్లాడింది ఫ్యాను ఒక్కటే. పిల్ల చదువు గురించి తల్లి ఆలోచించవలసిన పద్ధతేనా ఇది? ఒక మనిషి తోడు కోసం కన్నకూతుర్ని చీకటి గదిలోకి పిలుచుకుంటారా ఎవరైనా? పప్పు అడుగంటింది. గరిటెతో గీకుతూ నాకు నేనే మొహం చాటేసుకున్నాను.

మర్నాడు కారులో బయల్దేరాం. "నువ్వూ రా. ఆ జీఎస్టీ కాయితాలు ఆయనేమన్నా అడిగితే నాకు తెలవదు" అన్నాడు మా ఆయన. ఫైలు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగకి అద్దాలెత్తేశాం. చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి, వానపడితేగాని వాటి అసలు రంగు తెలీదు. వెన్నెల అద్దానికి తల ఆనించి కూర్చుంది. దాని ఫోనులో గుంటూరు కాలేజీ బొమ్మ ఉంది. తెరిచి చూస్తుంది, మూసేస్తుంది.

ఆడిటర్ అబ్దుల్ హమీద్ గారి ఆఫీసు నరసరావుపేటలో ఒక సందులో, మేడ మీద. నేను డిగ్రీ చదివిన కాలేజీ అక్కడికి దగ్గరే. మెట్లెక్కుతుంటే దాని గంట వినిపించింది. నా కాళ్ళు గబగబా పడ్డాయి, క్లాసుకి ఆలస్యమైనట్టు. తర్వాత నాకే నవ్వొచ్చింది.

బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. మా ఆయన, వెన్నెల కూర్చున్నారు. గోడ పక్కన ఉన్న స్టూలు మీద నేను కూర్చున్నాను. హమీద్ గారిని నేను చూడటం అదే మొదలు. నా ఊహలో లావుగా, కోపంగా ఉండేవారు. చూస్తే సన్నగా, నెరిసిన గడ్డంతో, స్కూలు మాస్టారులా ఉన్నారు. కొన్నేళ్ళుగా ఈయనకి నెలనెలా లెక్కలు పంపేది నేను. మెయిళ్ళన్నీ షాపు పేరుతో పోతాయి. కింద ఎవరి పేరూ ఉండదు.

వెన్నెల సంగతి చెప్పింది. ఆయన పూర్తిగా విన్నారు.

"ఫైనాన్స్ అంటే ఒకటే పని కాదమ్మా. లెక్క రాసేవాళ్ళుంటారు, రాసింది సరిచూసేవాళ్ళుంటారు. నాలాంటోళ్ళు. వాళ్ళకి కామర్స్. రేపు ఏమయిద్దో లెక్క కట్టేవాళ్ళు వేరే ఉంటారు. ధరలు, నష్టాలు, బీమా. దానికి ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ఉండాల. ఏది ఎక్కువా ఏది తక్కువా అని లేదు. నీకు జరిగింది చూడటం ఇష్టమా, జరగబోయేది చూడటం ఇష్టమా?"

"జరగబోయేది సార్."

"మరింకేం? నీకే తెలుసుగా." ఆయన మా ఆయన వైపు తిరిగారు. "ఇంట్లో కామర్స్ చదివినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? పిల్లకి మాట్లాడుకోటానికి ఒకరుంటే మంచిది."

"లేరండి" అన్నాడు మా ఆయన.

ఎంత మామూలుగా అన్నాడంటే, ఒక్క క్షణం నేను కూడా లేరేమో అనుకున్నాను. వెన్నెల తల నా వైపు తిరిగింది. నేను ఫైలు సంచి జిప్పు చూస్తున్నాను.

"పోన్లెండి, మీ గుమస్తా ఉన్నాడుగా" అన్నారు హమీద్ గారు. "ఆయన్ని అడగమనండి. నేను చానామంది లెక్కలు చూస్తా నరసింహారావు గారూ. అంత శుభ్రంగా రాసేవాణ్ణి చూళ్ళేదు. సరుకు వెనక్కి పోతే ఎందుకు పోయిందో పక్కన ఒక ముక్క రాసి పెడతాడు. ఎవరండీ ఆయన? పెద్దాయనా?"

గుమస్తా. మా కొట్లో గుమస్తా ఎవరూ లేరు. బస్తాలు మోసే బాలశౌరి ఉన్నాడు, మేమున్నాం. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"ఆఁ, పాతవాడే" అన్నాడు మా ఆయన. "ఇంట్లో మనిషి లాంటోడు."

"జీతం ఏమాత్రం ఇస్తారు? నేను లాక్కుపోతానేమోనని భయపడకండి."

"జీతం ఏముందిలెండి. తిండీ బట్టా మనదే. నమ్మకస్తుడు." అని, మెడ కాస్త వెనక్కి తిప్పి, నా వైపు చూసి నవ్వాడు. ఎవరికీ తెలియకుండా ఇద్దరం కలిసి ఆడుతున్న ఆటలాగా. చూశావా ఎట్టా అన్నానో, అన్నట్టు.

నేను నవ్వాను.

నవ్వకూడదని తెలియక కాదు. ఆయన అలా చూసినప్పుడు నవ్వడం నాకు అలవాటు. మెట్టు మీద చెప్పుల చప్పుడుకి మోకాళ్ళు లేచినట్టే ఇదీను. పెదవులు వాటంతట అవే సాగాయి. సాగిన పెదవులతో నేను తల తిప్పేసరికి వెన్నెల నన్నే చూస్తోంది. నాన్నని కాదు, నన్ను. ఏదో జారిపడి పగిలితే ముక్కల్ని చూస్తామే, అలా చూసింది. నా పెదవులు వెనక్కి రాలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆ నవ్వుతోనే మెట్లు దిగాను.

తిరుగుదారిలో మా ఆయన హుషారుగా ఉన్నాడు. "ఆయన చెప్పింది విన్నావుగా, ఏదైనా ఒకటేనంట" అన్నాడు కూతురితో. "ఏదైనా ఒకటే అయినప్పుడు దగ్గరున్నది పెట్టుకోవటమే గదా తెలివి." ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకి నిజంగానే అలా వినిపించింది.

సందు చూసి నేనే అడిగాను. "గుమస్తా అని ఎందుకు చెప్పారు?"

"ఏందే దానికి? ఆ జీఎస్టీ వచ్చిన కొత్తలో ఎవరు చేస్తన్నారని అడిగాడు. మా ఆడోళ్ళు చేస్తారంటే ఏం బాగుంటది? కొట్టు నడవట్లేదేమో, మనిషిని పెట్టుకోలేక పెళ్ళాంతో చేయిస్తన్నాడు అనుకోరూ? నోటికొచ్చింది చెప్పా. అది అట్టా ఉండిపోయింది. నిన్ను పొగిడాడుగా, సంతోషించక!"

పొగిడాడు. నిజమే. జీవితంలో నా పని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. పక్కన ముక్క రాసి పెడతాడట. ఆ మాట నేను దారంతా మనసులో తిప్పుతూనే ఉన్నాను, చిన్నపిల్ల చాక్లెట్ కాయితం దాచుకున్నట్టు. నా పేరు లేని మెప్పుని దాచుకుంటున్నానని తెలిసి ఇంకా సిగ్గేసింది.

ఇంటికొచ్చాక నేను చింతపండు నానబెడుతుంటే వెన్నెల వంటింట్లోకి వచ్చి గడప మీద కూర్చుంది. కొత్తిమీర కట్ట తీసుకుని కాడలు తుంచడం మొదలుపెట్టింది.

"అమ్మా."

"ఊఁ."

"ఎందుకు నవ్వావు?"

నాన్న ఎందుకన్నాడు అని అడగలేదు. అలా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. మీ నాన్న మంచివాడేనే, తాగడు, చెయ్యెత్తడు, ఆయన పెరిగిన పద్ధతి అలాంటిది. అన్నీ మడతపెట్టి సిద్ధంగా ఉన్న మాటలు. చింతపండు పిసికాను. పిక్కలు తీసి పక్కన పెట్టాను.

"నాకు కామర్సంటే ఏం కోపం లేదమ్మా" అంది అది. "ఇంటర్లో నాకు అన్నిటికంటే మార్కులొచ్చింది అందులోనే. ఒక్కోసారి అదే పెట్టుకుందామా అనిపించిద్ది. మళ్ళీ నువ్వు గుర్తొస్తావు. ఆ గది గుర్తొచ్చిద్ది. నేను అందులో కూర్చుంటే రేపు నాన్న ఎవరికన్నా చెప్తాడు, ఇద్దరు గుమస్తాలున్నారని. అప్పుడు నువ్వూ నేనూ ఇద్దరం నవ్వాల."

అని కొత్తిమీర గిన్నెలో వేసి లేచి వెళ్ళిపోయింది. ఆ కాడలన్నీ నేలమీదే ఉన్నాయి. వాటిని ఏరుకుంటూ చాలాసేపు అలాగే వంగి ఉన్నాను. మా అత్త తిట్టినా, మా ఆయన నలుగురిలో చులకన చేసినా నాకు ఇంత సిగ్గెయ్యలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళ ముందు తలొంచుకోవడం నాకు వచ్చు. కన్నకూతురి ముందు ఎలా వంచుకోవాలో నేర్చుకోలేదు. అది నన్ను చూసి ఒక చదువునే వద్దనుకుంటోంది. నేను మూడేళ్ళు ఇష్టంగా చదివిన చదువు. నరసరావుపేట కాలేజీలో నా పక్కన కూర్చోవడానికి ఆడపిల్లలు పోటీపడేవాళ్ళు, చివర్లో లెక్క తేలకపోతే నేను చెబుతానని. ఆ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోవడం గొప్పలకి పోవడమనుకున్నాను. ఇప్పుడు చెబితే నమ్ముతుందా?

ఆఖరు రోజు పొద్దున్నే యూరియా లారీ వచ్చింది. తొలకరి పడి ఉంది, ఊళ్ళనుంచి రైతులు తెల్లారేసరికే మెట్ల మీద ఉన్నారు. యూరియా కావాలంటే మిషను మీద వేలిముద్ర వెయ్యాలి. అరిగిపోయిన వేళ్ళు, ఒక పట్టాన పడవు. తడిగుడ్డతో తుడుచుకోవడం, మళ్ళీ వేయడం, పడకపోతే మిషన్ని తిట్టడం. కొట్టంతా గోలగా ఉంది. మా అత్త ఎప్పట్లాగే గల్లాకి కాస్త ఎడంగా, గుమ్మంలో పీట మీద కూర్చుని కాపలా కాస్తోంది.

వెనక గదిలో నా కుర్చీలో వెన్నెల కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. తెర మీద కాలేజీల వరస ఉంది. మొదటి గడి ఖాళీ.

"నాన్న పొద్దున కూడా చెప్పాడు, బీకాం ఈ ఊళ్ళోదే మొదట పెట్టమని" అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నువ్వేది పెట్టమంటే అది పెడతా. నిజంగా. బీకాం అన్నా పెడతా."

ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. దాని వీపు చూశాను. ఈ గదిలో వెలుతురు లేక కళ్ళు చికిలించి ముందుకు వంగింది, సరిగ్గా నేను వంగినట్టు. రెండు నిమిషాలు కూర్చుంటేనే నా వంపు దాని వీపుకి వచ్చేసింది.

"ఎకనామిక్సు పెట్టు" అన్నాను. "గుంటూరు."

"నాన్న?"

"పెట్టు."

"పెడితే చాలదమ్మా. ఓటీపీ నాన్న ఫోనుకి పోద్ది."

"నువ్వు నొక్కు. నేను చూసొచ్చి చెప్తా."

మా ఆయన లారీ దగ్గర ఉన్నాడు. ఫోను గల్లాపెట్టె మీద ఉంది. చప్పుడు కాకుండా వెళ్ళి, అంకెలు చూసుకుని, మళ్ళీ చప్పుడు కాకుండా వచ్చేయాలని నా ఆలోచన. కూతురి చదువు కోసం సొంత ఇంట్లో దొంగలా నడవడం. అదైనా చేస్తున్నాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

గుమ్మం దాటగానే మా అత్త చూసింది. "ఏమే, ఏడకి? ఇయ్యాల గూడా ముట్టుకోగూడదు నువ్వు. అటు పోబాక."

చిన్నగా అనడం ఆమెకి రాదు. మెట్ల మీది రైతులు సగం మంది నేల చూపులు చూశారు. ఒక ముసలాయన వేలు తుడుచుకుంటూ ఆగిపోయాడు. నేను నిలబడిపోయాను. అప్పుడే ఫోను మోగింది.

మా ఆయన లారీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. చేతుల నిండా దుమ్ము. "ఎవరే అది? ఆడిటరా? నా చేతులు బాలేవు, తీసి స్పీకర్ పెట్టు."

"ఒరేయ్, అది ముట్టుకోగూడదురా!" అంది మా అత్త.

"ఫోనేగదమ్మా. గల్లా కాదుగా."

అవసరం పడితే మైల ఎంత దూరమైనా జరుగుతుంది. నేను ఫోను తీసి, నొక్కి, ఆయన నోటి ముందు పట్టుకుని నిలబడ్డాను, పెళ్ళిలో తమలపాకుల పళ్ళెం పట్టుకున్నట్టు.

"నమస్తే నరసింహారావు గారూ" అన్నారు హమీద్ గారు. కొట్టంతా వినిపించింది. "ఒక్కసారి మీ గుమస్తాని ఇస్తారా? తిప్పి పంపిన మందు డబ్బాలు ఏ నెలలో చూపించాడో కనుక్కుందామని. రిటర్ను ఇయ్యాల పంపించాల నేను."

"గుమస్తా ఇయ్యాల రాలేదండి" అన్నాడు మా ఆయన. అని నా వైపు చూసి, నిన్నటిలాగే, కళ్ళతో నవ్వాడు.

నా పెదవులు సాగబోతున్నాయి. అది నాకు తెలిసింది. వెనక గది గుమ్మంలో వెన్నెల వచ్చి నిలబడటం కూడా తెలిసింది, చూడకుండానే. పెదవులు బిగబట్టాను. ఎంత బరువుగా ఉన్నాయో! ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి, నాది రాకపోయేసరికి, తనంతట తనే చల్లారిపోయింది.

ఫోనుని నా వైపు తిప్పుకున్నాను.

"సార్, నేను శ్యామలని. నరసింహారావు గారి భార్యని. నిన్న మీ ఆఫీసులో స్టూలు మీద కూర్చున్నాను. గుమస్తా ఎవరూ లేరు సార్. ఆ లెక్కలు రాసేది నేనే. నరసరావుపేటలో బీకాం చదివాను. అడగండి."

మిషను దగ్గర చప్పుడు ఆగిపోయింది. లారీ మీంచి బాలశౌరి బస్తా భుజాన పెట్టుకునే మెడ తిప్పి చూస్తున్నాడు.

"అమ్మా" అన్నారు హమీద్ గారు. "నిన్న నేను మీ ఎదురుగానే..." అని ఆగిపోయి, "సరేనమ్మా. ఆ డబ్బాలు..." అన్నారు.

ఆయన అడుగుతున్నది వినాలంటే నేను కుదురుగా ఉండాలి. పక్కనే ఆ టేకు కుర్చీ ఉంది. కూర్చున్నాను. చెయ్యి గల్లాపెట్టె మీద ఆనుకుంది. చెక్క చల్లగా ఉంది. ఆయన అడిగినదానికి చెప్పాను, ఏ నెలలో పెట్టానో, ఎందుకు అలా పెట్టానో. మధ్యలో ఫోను ఒకసారి అదిరింది. ఆయన పెట్టేశాక తెర మీద ఆరు అంకెలున్నాయి.

"వెన్నెలా, రాసుకో" అని ఒక్కొక్క అంకె గట్టిగా చదివాను, ఆఖరు మెట్టు మీది వాళ్ళకి కూడా వినిపించేట్టు. అది లోపలికి పరిగెత్తింది.

"ఏంది అది?" అన్నాడు మా ఆయన. మొహంలో రంగు లేదు. "ఏం పెట్టిందే?"

"ఎకనామిక్సు. గుంటూరు. నేనే పెట్టమన్నాను."

ఆయన నోరు తెరిచి, రైతుల్ని చూసి, మూసుకున్నాడు. చేతుల దుమ్ము తుడుచుకోవడం మర్చిపోయాడు. మా అత్త పీట మీంచి లేచింది. "లేవే! ముట్టుదానివి, గల్లా మీద చెయ్యేసి కూర్చున్నావు. నలుగురూ చూస్తన్నారు, సిగ్గు లేదా నీకు?"

ఉంది. అందరూ చూస్తున్నారు. నా ఒంటి సంగతి ఊరందరికీ తెలిసిపోయింది, మా ఆయన అబద్ధం తెలిసిపోయింది, స్టూలు మీద కూర్చుని నేను దాన్ని మోశానని కూడా తెలిసిపోయింది. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా మండుతోంది. అప్పుడే ఎవరో కొత్త రైతు, ఏం జరిగిందో తెలియనివాడు, చెప్పుల చప్పుడు చేసుకుంటూ మెట్టెక్కి వచ్చి, గల్లా ముందు నిలబడి, "యూరియా ఉందామ్మా?" అన్నాడు.

"ఉంది" అన్నాను. "వేలు పెట్టు."

సిగ్గేస్తూనే ఉంది. మోకాళ్ళు మాత్రం లేవలేదు.